పల్లం ఖాళీ అని చెప్పాను

తూర్పు గాలి తగిలితే ఇప్పటికీ నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేను. లేచి గుమ్మం దాకా వెళ్తాను, మబ్బు చూస్తాను, వచ్చి కూర్చుంటాను, మళ్ళీ లేస్తాను. "ఏంది, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నరు? నౌకరి ఇడిశి ఎన్నేండ్లాయె?" అంటుంది మా ఇంటావిడ. నిజమే, నౌకరీ నన్ను వదిలి చాలా ఏళ్ళయింది. నేనే దాన్ని వదల్లేదు.

మొన్న నీటిపారుదలలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు ఇద్దరు మా ఇంటికొచ్చి, తుఫాను కబురు వస్తే ఆ కాలంలో మీరేం చేసేవారు అని అడిగారు. చాయ్ తాగించి, అదీ ఇదీ చెప్పి పంపేశాను. వాళ్ళు వెళ్ళాక నా మీద నాకే చిరాకేసింది. అందుకే ఇప్పుడు కూర్చుని వాళ్ళ కోసం రాస్తున్నాను. ఇందులో గొప్పలు లేవు. ఒక తుఫాను రోజు చేసిన పనికి నా సర్వీసు కాగితాల్లో శభాష్ అని రాసి ఉంది. ఆ కాగితం నా చేతిలో ఉన్నా ఎవరికీ చూపించలేదు.

నైజాం రోజులు, పందొమ్మిది వందల నలభైల మొదలు. నాకు ఇరవై నాలుగేళ్ళు. బాన్సువాడలో కాలువల దఫ్తర్‌లో గేజీ గుమాస్తాను. ఏటిలో, కాలువలో నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో తెలుసుకుని, పైన మంజీర మీది ఆనకట్ట దగ్గరుండే ఇంజనీరుకు, మా పెద్ద సాబుకు, ఫోన్లో చెప్పడం నా పని. ఊళ్ళో మరెవరికీ ఫోన్ లేకపోయినా మా శాఖకు కట్ట నుంచి కాలువ పొడుగునా సొంత తీగ ఉండేది, చౌకీ చౌకీకి ఒక పెట్టె. అందులో గొంతు చించుకుని అరిస్తేగానీ అవతలికి వినపడేది కాదు. నేను మామూలుగా మాట్లాడినా కొట్లాడుతున్నట్టు ఉంటుందని మా పిల్లలు అంటారు. ఆ పెట్టె చేసిన పనే అది.

దఫ్తర్‌లో నాతోపాటు మున్షీ గారు, ఓవర్సీర్ సాబు. మున్షీ గారిది వెటకారం నోరు, ఏ కబురొచ్చినా ముందు నవ్వేవాడు. ఓవర్సీర్ సాబు మంచివాడేగానీ పిరికి. కాగితం మీద హుకుం లేనిదే గొడుగు కూడా విప్పేవాడు కాదు. ముగ్గురిలో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కడినే. ఆ సంగతి వాళ్ళు మర్చిపోయినా నేను మర్చిపోయేవాణ్ణి కాదు.

తుఫాను కబురు ఇంగ్లీషులోనే వచ్చేది. ఎక్కడో దూరాన వాతావరణం చూసే దఫ్తర్ నుంచి కట్టకు తార్, అంటే టెలిగ్రాం, వస్తుంది. కట్ట దగ్గరి మనిషి దాన్ని ఫోన్లో ఒక్కొక్క మాటా చదువుతాడు, నేను రాసుకుంటాను. సముద్రం మాకు ఎంత దూరమో చెప్పక్కర్లేదు. తీరం దాటిన తుఫాను మా దాకా వచ్చేసరికి మబ్బు, ముసురు, అంతే.

"బెజవాడల ఏనుగు, ఓరుగల్లుల ఎద్దు, మన తాన్కి వచ్చేటాల్లకు ఎలుక," అనేవాడు మున్షీ గారు. "గా ఎలుక కోసం నువ్వు బోను పట్టుకొని కూసుంటవ్!"

పెద్ద సాబు మాత్రం నవ్వేవాడు కాదు. ఆయనకు తార్ అందగానే మూడు ప్రశ్నలు. ఎక్కడ ఉంది? ఎప్పుడొస్తుంది? ఎంత పడుతుంది? ఈ మూడింటికీ జవాబు దొరికేదాకా పాన్ కూడా వేసుకునేవాడు కాదట. మేమంతా ఆయన్ను చూసి అలాగే నేర్చుకున్నాం. ఎవరు కబురు తెచ్చినా ఎక్కడ, ఎప్పుడు, ఎంత అని అడగడం మాకొక షోకు అయిపోయింది.

ఆ ఏడు కార్తీకం వెళ్ళిపోతున్న రోజులు. వానాకాలం అయిపోయిందని అందరూ కోతల్లో పడ్డారు. కట్ట వెనక జలాశయం నిండుకుండలా ఉంది. ఒక పొద్దున తార్ వచ్చింది. తీరం దాటింది, వాయవ్యంగా కదులుతోంది, పెనుగాలులు, భారీ వర్షం. అంతే. ఏ ఊరి మీద, ఏ పూట, ఎన్ని అంగుళాలు అన్నది తార్ చెప్పదు.

పెద్ద సాబు గొంతులో ఆ రోజు నిలకడ లేదు. ఆయన ఇబ్బంది మీకు అర్థం కావాలి. తార్‌ను నమ్మి ముందే కట్ట తలుపులెత్తి నీళ్ళు వదిలాడనుకోండి, తుఫాను ఎలుకయ్యిందనుకోండి, యాసంగి వరికి నీళ్ళుండవు. వేల ఎకరాల రైతులు దుమ్మెత్తి పోస్తారు. వదలకుండా కూర్చున్నాడనుకోండి, వచ్చింది ఏనుగే అయితే కట్టకే ముప్పు. "కాగితం మీది వానకు నిజం నీళ్ళు వదలలేను," అన్నాడు చివరికి ఉర్దూలో. "రేపటిదాకా చూస్తాను. నువ్వు మాత్రం ఏటి ఒడ్డు వాళ్ళకు ఖబర్ చెయ్యి."

ఖబర్ చెయ్యడం అంటే చాటింపు వేయించడం. చాటింపులో ఏం చెప్పాలో రాసేది నేను. ఏముంది ఇందులో అనుకున్నాను. ముందటేడు పేపర్లో కోస్తా తుఫాను గురించి చదివాను, ఇండ్ల కప్పులు ఎగిరిపోవడం, తాడిచెట్లు విరిగిపడటం. అది మనసులో ఉంది. తార్‌లో కూడా గాలే ముందుంది. కలం పట్టుకుని ఒక్క ఊపున రాశాను: "తుఫాన్ వస్తున్నది. పెద్ద గాలి వస్తది. ఇండ్ల కప్పులు లేస్తయి, చెట్లు కూలుతయి. వానగూడ పడ్తది. అందరు పైలంగ ఉండాలె." రెండుసార్లు పైకి చదువుకుని మురిసిపోయాను. మున్షీ గారు కూడా, "రాత మంచిగుందిరా, నాకే దడుపు పుడుతుంది," అన్నాడు.

ఏటి ఒడ్డు పల్లెలో డప్పు కొట్టేవాడికి కబురంపితే మధ్యాహ్నానికి వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, బక్కపలచన, మాటకు ముందు దగ్గు. చదువు రాదుగానీ ఏదైనా రెండుసార్లు వింటే అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. అందరూ వాణ్ణి ఒరేయ్ అనే పిలిచేవాళ్ళు, నాకంటే రెట్టింపు వయసు మనిషిని నేనూ అలాగే పిలిచేవాణ్ణి. నేను చదివాను, అతను అప్పజెప్పాడు. ఒక్క మాట అడిగాడు.

"గాలి మస్తుగనే ఉంటదా సారూ? మా అవ్వ ముసల్ది, గుడిసె గడ్డి కప్పు."

"మస్తుగనే ఉంటది. ఫికర్ పెట్టుకోవాల్సిందే," అన్నాను. వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారకముందే వాన మొదలైంది. గాలి మాత్రం లేదు. ఒకే ధారగా, ఎవరో పైన కూర్చుని తీరిగ్గా పోస్తున్నట్టు వాన. ఏడింటికి ఫోన్ మోగింది. పైన, కట్టకు ఎగువన, రాత్రంతా ఇదే వానట. జలాశయంలోకి నీళ్ళు ఎంత వేగంగా వస్తున్నాయో పెద్ద సాబు చెబుతుంటే రెండుసార్లు అడిగి రాసుకున్నాను.

"పన్నెండింటికి తలుపులెత్తాలి. అంతకంటే ఆగలేను. నువ్వు ఏటి మీది చౌకీకి వెళ్ళు. ఏటి కడుపులో మనిషి లేడని నీ కళ్ళతో చూసి నాకు ఫోన్ చెయ్యి. నీ నోటితో ఖాళీ అన్న తర్వాతే ఎత్తుతాను," అన్నాడు.

ఓవర్సీర్ సాబు నాతో రావాలి. "వ్రాతపూర్వకంగా హుకుం లేదు గదా," అని గొణిగాడు. నేనొక్కడినే సైకిలు తీశాను. బురదలో సగం దూరం సైకిలే నా మీద ఎక్కింది. పొలాల్లో కోసిన వరి పనలు నీళ్ళలో తేలుతున్నాయి. ఆ రైతుల గురించి ఆలోచించే తీరిక లేదు, గడియారం చూసుకుంటూనే ఉన్నాను. ఎనిమిదిన్నర, తొమ్మిది, తొమ్మిదింబావు.

పల్లె మెరకమీద ఉంది. నేను వెళ్ళేసరికి ఊళ్ళో పురుగు లేదు. గడ్డి కప్పుల మీద రాళ్ళు పెట్టి తాళ్ళతో బిగించారు. తలుపులకు గొళ్ళేలు. కోడి కూడా కనపడలేదు. ఒక్క క్షణం, ఒట్టు, నా ఛాతీ పొంగింది. నా రాతకు ఊరికి ఊరే కదిలింది అనుకున్నాను.

ఎటు కదిలిందన్నది తర్వాత తోచింది. ఏటి వైపు నుంచి పొగ లేస్తోంది.

అక్కడ గొర్రెల పల్లం అని ఒకటుంది. కట్ట కట్టకముందు మంజీర పాయ ఒకటి అందులోంచి పోయేదట. కట్ట వచ్చి పదేళ్ళు దాటింది, ఆ పాయ ఎండిపోయి మెత్తటి మట్టినేల అయింది. తూర్పున రెండు నిలువుల ఎత్తు గట్టు, గోడలా. ఎండాకాలంలో ఈదురుగాలి లేస్తే గొల్లవాళ్ళు మందల్ని అందులోకే తోలేవాళ్ళు. గాలొస్తే పల్లంలోకి పోవాలన్నది ఆ ఊరికి తాతల నాటి తెలివి. నేను గాలి వస్తుందన్నాను. వాళ్ళు పల్లంలోకి పోయారు.

గట్టు మీద నిలబడి కిందికి చూశాను. బండ్లు, ఎడ్లు, బర్రెలు, గంపల కింద కోళ్ళు, గొంగళ్ళు కప్పుకున్న పిల్లలు. గట్టు వారన చాపలు కట్టుకుని పొయ్యిలు పెట్టారు. నన్ను చూసి ఊరి పటేల్ చేయెత్తి కేకేశాడు.

"రా సారూ, రా! నువ్వు జెప్పినట్లనే జేసినం. ఒక్కలు ఇంటికాడ లేరు. గాలింక రాకపాయె, ఏందిగది?"

ఎవరో వేడి వేడి గటక ఆకులో పెట్టి నా చేతికివ్వబోయారు. నేను వెనక్కి తిరిగి చౌకీకి పరుగెత్తాను.

"ఖాళీయేనా?" అన్నాడు పెద్ద సాబు.

"లేదు సాబ్. ఊరు ఊరంతా ఏటి కడుపులోనే ఉంది."

"ఎందుకు?"

ఆ ఎందుకుకు నా దగ్గర జవాబు ఉంది, అది దాటేసి ఎంత వ్యవధి ఇస్తారని అడిగాను. అవతల పెట్టెలో నీళ్ళ హోరు వినపడుతోంది. "పన్నెండు," అన్నాడు. "ఒంటిగంట అనలేను బాబూ. కట్టకేమన్నా అయితే నీ పల్లం ఒక్కటే కాదు, కింద ఒక్క ఊరూ మిగలదు. పోయి లేపు."

అప్పటికి పది దాటింది.

తర్వాతి గంటంతా నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. అరిచాను, బతిమాలాను, తిట్టాను. ఏటిలోకి ఇన్ని అడుగుల నీళ్ళు వస్తాయని లెక్క చెప్పాను. అడుగుల లెక్క వాళ్ళకేం తెలుసు! పటేల్ మంచివాడే, మోతుబరి, నలుగురికి పెట్టే మనిషి. కానీ నన్ను అనుమానంగా చూశాడు.

"నిన్న గాలన్నవ్. గాలి లేదు. ఇయ్యాల నీళ్ళంటున్నవ్. రేపు నిప్పంటవా ఏంది? పసిపిల్లలు, బాలెంతలు ఉన్నరు సారూ. గీ వానల మెరక మీదికి యాడ తిప్పాలె? మనం పైకి పోంగనే గాలొస్తే?"

"గాలి రాదు పటేల్. నేను తప్పు రాసిన."

"నిన్న తప్పు రాసినవ్. ఇయ్యాల ఒప్పు రాసినవని ఎట్ల నమ్మాలె?"

అతని స్థానంలో నేనున్నా అదే అడిగేవాణ్ణి. "గా ఏరు ఎన్నడో సచ్చిపాయె," అంది ఒక ఆడమనిషి, నవ్వుతూనే. కొందరు లేచారు, సామాను సర్దుకోబోయి పక్కవాళ్ళు లేవలేదని మళ్ళీ కూర్చున్నారు. పదకొండు కావస్తోంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా చెప్తున్నాను, వాళ్ళందరి ముందూ ఏడ్చాను.

డప్పు అతను అప్పటిదాకా ఒక పక్కన నిలబడి నన్నే చూస్తున్నాడు. దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"నిజంగనే వస్తయా సారూ నీళ్ళు?"

"వస్తయి. నా తల్లి మీద ఒట్టు."

అతను డప్పు తీశాడు. వానకు తోలు నాని మెత్తబడింది, కొడితే గుడ్డ మీద కొట్టినట్టు ఉంది. ఒక పొయ్యి దగ్గర కూర్చుని డప్పు కాచడం మొదలుపెట్టాడు. తిప్పి తిప్పి, వేలితో మీటి చూసుకుంటూ, ఎంతకీ లేవడు. గడియారం చూసుకుని నేను పళ్ళు కొరుక్కుంటున్నాను. నేను తొందరపెడితే, "కాగనియ్ సారూ, కాగని డప్పు ఎవలింటరు," అన్నాడు.

లేచాడు. నేను మళ్ళీ చాటింపు వేస్తాడేమో అనుకున్నాను. ఒక్క మాట లేదు. దరువు మొదలుపెట్టాడు. ఆ దరువు నాకు తెలుసు, నేను పుట్టింది ఇదే ఏటి పక్కన, జుక్కల్ వైపు. పొలాల అమావాస్య నాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, ఊరేగించేటప్పుడు కొట్టే దరువు అది. ఏడాదికి ఒక్కనాడే కొడతారు. ఆ దరువు ముందు నడుస్తుంటే ఎడ్లు దాని వెనక నడవడం దూడ వయసునుంచీ నేర్చుకుంటాయి.

పటేల్ ఎడ్ల జత ముందు చెవులు నిక్కించింది. పడుకున్నవి లేచాయి. ఒక ఎద్దు పలుపు తెంపుకుని డప్పు వెనకాలే గట్టు దారి పట్టింది. "ఓర్నీ! పట్టుర్రి, పట్టుర్రి!" అని కేకలు. ఇంకొకటి, ఇంకొకటి. ఎడ్లు కదిలితే రైతు కూర్చుంటాడా? తిట్టుకుంటూ పలుపులు పట్టుకుని వెనకపడ్డారు. మొగవాళ్ళు వెళ్తే ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకున్నారు. పదినిమిషాలు కాలేదు, పల్లంలోంచి ఊరంతా బారు కట్టి పైకి నడుస్తోంది. అతను వెనక్కి చూడకుండా, దగ్గుతూ, వానలో కొట్టుకుంటూ పోతున్నాడు. పటేల్ నా పక్కనుంచి పోతూ, "గీ మనిషికి పిచ్చి లేశింది, నీకు లేశింది, మాకు గూడ లేపిన్రు," అన్నాడుగానీ ఆగలేదు.

పదకొండూ నలభై. గట్టు చివర నిలబడి పల్లం అంతా ఒకసారి కలయజూశాను. ఆరిపోతున్న పొయ్యిలు, రెండు మూడు ఖాళీ బండ్లు, తడిసిన చాపలు. మనిషి లేడు. కిందికి దిగి గట్టు వార పొడుగునా నడిచి చూడాలని అనుకున్నాను. అనుకున్నాననే చెప్తున్నాను. బురద మోకాలి దాకా ఉంది, చౌకీకి చేరాలి, పన్నెండవుతోంది. మెరక మీద కనపడిన డప్పు అతన్ని కేకేసి అడిగాను.

"అందరు వచ్చిన్రా?"

"వచ్చిన్రు సారూ!" అన్నాడు. ముందు నడిచినవాడికి వెనక ఎవరున్నారో ఎలా తెలుస్తుంది? ఆ మాట అప్పుడు నాకు తోచలేదు.

చౌకీకి పరుగెత్తి, పెట్టె తిప్పి, "పల్లం ఖాళీ," అని అరిచాను. పెద్ద సాబు రెండోసారి అడిగాడు, "నీ కళ్ళతో చూశావా?"

"చూశాను సాబ్."

"శభాష్," అన్నాడు. తలుపులు లేచాయి.

నీళ్ళు మా దగ్గరికి రావడానికి రెండు మూడు గంటలు పడుతుంది. ఆ వ్యవధిలో మళ్ళీ దిగి చూడొచ్చని నాకు తట్టనే లేదు. ఈలోగా ఊళ్ళో రాళ్ళు దించి, తలుపులు తీసి, పొయ్యిలు మళ్ళీ వెలిగించారు. డప్పు అతను మాత్రం ఇంటికి పోకుండా, చెదిరిన ఎడ్లను తోలుకొచ్చేవాళ్ళతో ఉండిపోయాడు. నన్ను పటేల్ తన ఇంట్లోకి పిలిచి పొడి పంచె ఇచ్చాడు. నా మనసు తేలికపడింది. రెండున్నర ప్రాంతంలో దూరం నుంచి ఒక మోత. అందరూ మెరక అంచుకు పరుగెత్తారు. ఎర్రటి నీళ్ళు పల్లం ఎగువ కొసనుంచి దూరి, పొయ్యిల్ని, చాపల్ని, బండ్లని కలిపి చుట్టుకుని వస్తున్నాయి. పటేల్ నా చేయి పట్టుకున్నాడు, వదల్లేదు.

అప్పుడు డప్పు అతని భార్య జనంలోంచి తోసుకుని వచ్చింది. "అత్తమ్మ ఏది?" అంది భర్తతో. "నీ ఎంబడి వచ్చిందనుకున్న."

అతను ఆమె ముఖం చూశాడు. "నువ్వు తోల్కొచ్చినవనుకున్న," అన్నాడు.

గట్టు అడుగున ఒకచోట మట్టి కోసుకుపోయి చిన్న గుహలా ఉండేదట. పల్లం మొత్తం మీద గాలి అసలు సోకని చోటు. చాటింపు వేసిన సాయంత్రమే అతను తల్లిని మోసుకొచ్చి అందులో పడుకోబెట్టి, గాలి రాకుండా ముందు తుమ్మకంప అడ్డం పెట్టి, దాని మీద గొంగడి పరిచాడు. ముసలామెకు చెవులు సరిగా వినపడవు. బీడీలు చుట్టుకుంటూ, అలిసి నిద్రపోయి ఉంటుంది. గట్టు మీద నిలబడినవాడికి గట్టు అడుగు కనపడదు. నేను నిలబడింది సరిగ్గా దాని నెత్తిన.

అతను దూకబోయాడు. పటేల్, నేను, ఇంకో ఇద్దరం పట్టుకున్నాం. అప్పటికే అక్కడ నిలువు లోతు నీళ్ళు. అంత బక్క మనిషిని నలుగురం ఆపలేకపోయాం, కింద పడేసి మీద కూర్చోవాల్సి వచ్చింది. "గాలి తగుల్తదని పెట్టిన! గాలి తగుల్తదని!" అని ఒకటే అరుపు. నేను అతని కాళ్ళ మీద కూర్చున్నాను. ఆ కాళ్ళు కొట్టుకోవడం ఇప్పటికీ నా ఒంట్లో ఉంది.

మూడో రోజు నీళ్ళు తీశాక ఆమె దొరికింది.

రిపోర్టు మున్షీ గారు రాశాడు. ముందే హెచ్చరిక చేసినప్పటికీ ఒక వృద్ధురాలు అజాగ్రత్త వల్ల మరణించినది, మిగతా ఊరంతా క్షేమం, కట్ట క్షేమం. "అజాగ్రత్త" కొట్టెయ్యమన్నాను. "కొట్టేస్తే గా అజాగ్రత్త ఎవరిదని అడుగుతరు. నీ పేరు రాయమంటవా?" అన్నాడు, ఈసారి నవ్వలేదు. ఓవర్సీర్ సాబు దస్కత్ చేశాడు. కలం నాకిచ్చాడు. నేనూ చేశాను. ఇదీ నేను చేసిన పని. వరద పని కంటే ఆ దస్కత్తే ఎక్కువ కుట్టింది నన్ను.

కొన్ని వారాల తర్వాత పెద్ద సాబు ఊరు చూడ్డానికి వచ్చాడు. గట్టు మీద ఇద్దరమే ఉన్నప్పుడు నేను అంతా చెప్పేశాను, గాలి అని రాసినది, కిందికి దిగి చూడనిది. తిడతాడనుకున్నాను. గట్టు అంచుకు వెళ్ళి పల్లంలోకి వంగి చూశాడు. "నేను ఎక్కడ, ఎప్పుడు, ఎంత అని అడిగాను. వాళ్ళు ఎటు పోవాలని నిన్ను అడగనే లేదు," అన్నాడు. ఓదార్చడానికి అన్నాడో ఏమో. నాకు ఓదార్పుగా అనిపించలేదు. అడగకపోతే మాత్రం, ఆ ఏటి పక్కన పుట్టి పెరిగిన నాకు తెలియవద్దా?

చదువుకున్నవాళ్ళకు ఒక జబ్బుంటుంది బాబూ. రాబోయేదాన్ని వర్ణించగానే పని అయిపోయిందనుకుంటాం. మీ దగ్గర ఇప్పుడు మా కంటే మంచి లెక్కలున్నాయి, మంచి యంత్రాలున్నాయి. మీ కబురు విన్న మనిషి లేచి ఎటు అడుగేస్తాడో ఆ యంత్రం చెప్పదు. అది ఊళ్ళోకి పోయి కనుక్కోవాలి.

మరుసటేడు మళ్ళీ తార్ వచ్చింది. డప్పు అతనికి కబురంపాలంటే నాకు ముఖం చెల్లలేదు, అయినా పంపాను. అతను వచ్చాడు, మెడలో డప్పు. ఏడాదిలో పదేళ్ళు పెరిగినట్టున్నాడు. "రా అన్నా, కూసో," అన్నాను. మొదటిసారి అన్నా అన్నానని అతను గమనించాడో లేదో. కూర్చోలేదు. నేను కాగితం విప్పబోతే చేయి అడ్డం పెట్టాడు.

"ఏమొస్తదో తర్వాత జెప్పు సారూ. ఎటు పోవాల్నో ముందుగాల జెప్పు."

కాగితం తిప్పి చూపించాను, చదవడం రాదని తెలిసినా. మొదటి వరుసలోనే రాశాను. "అందరు బోడగుట్ట మీదికి పోవాలె. గొర్రెల పల్లంలకు ఎవలు దిగొద్దు." గాలి, వాన, నీళ్ళు అన్నీ దాని కింద. రెండుసార్లు చదివాను, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

నేనూ అతని వెంట వెళ్ళాను. ఊరు దగ్గరపడ్డాక అతను ఊళ్ళోకి తిరగలేదు. డప్పు నా చేతికిచ్చి పల్లంలోకి దిగాడు. గట్టు వార పొడుగునా, ఆ చివరనుంచి ఈ చివరదాకా, అడుగడుక్కీ వంగి చూసుకుంటూ నడిచాడు. కోసుకుపోయిన ఆ చోట మాత్రం కూర్చుని, లోపలికి చేయి చాపి తడిమాడు. తర్వాత పైకి వచ్చి, చేతులు పంచెకు తుడుచుకుని, డప్పు తీసుకున్నాడు.

"ఖాళీ ఉన్నది సారూ," అన్నాడు. అప్పుడు కొట్టడం మొదలుపెట్టాడు.